మట్టిబిళ్ళ మీద సీసం

మా చెరువు మట్టి మీద లేజరు పేల్చింది నేనే అని ఏలూరులో చాలామందికి చెప్పాను. పేల్చలేదు. నల్ల కళ్ళజోడు పెట్టుకుని ఎత్తు స్టూలు మీద కూర్చున్నానంతే. మీట నొక్కింది హైదరాబాదు పరిశోధనశాలలో పనిచేసే మా తోడల్లుడి కూతురు.

రెండువేల సంవత్సరం దాటాక ఒక వేసవిలో, కొల్లేటికోట దగ్గర మా చెరువులో చేపలన్నీ చచ్చి తేలాయి. అన్నీ కాదు, సగం. సగం కూడా ఉండవేమో. పక్క చెరువాయన గట్టు మీద ట్రాక్టరు బ్యాటరీలు బాగుచేసే షెడ్డు ఉంది. అక్కడి సీసమే మా నీళ్ళలో కలిసిందని టీకొట్టు దగ్గర నలుగురిలో అనేశాను. ఆ రోజునుంచి ఆయన చేప కొనేవాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళుగా స్నేహితుడు, నాతో మాట మానేశారు. రుజువు తెస్తానని చెరువు అడుగుమట్టి తీసి, రూపాయంత బిళ్ళలు చేసి, ఎండబెట్టి ఆ పరిశోధనశాలకి పట్టుకెళ్ళాను.

మట్టిని యాసిడ్లో కరిగించక్కర్లేదట. లేజరు బిళ్ళ మీద సన్నని గుంట తవ్వుతుంది. లేచిన ధూళిని గ్యాసు ఇంకో యంత్రంలోకి మోసుకుపోతుంది. ఏ మూలకం ఎంతుందో అది గీతల్లో చూపిస్తుంది. నాకు ఒక్క గీతా అర్థం కాలేదు గానీ, సీసం గీత తాటిచెట్టంత లేవడం చూసి పొంగిపోయాను. అంతలోనే అది జారి నేలకంటుకుంది.

"పైన మాత్రమే ఉంది పెదనాన్నా. లోపలికి తవ్వేకొద్దీ లేదండీ."

"విషం పైనుంచే కదమ్మా పడేది?"

"చెరువుకి పైన కాదండీ, మీ బిళ్ళకి పైన. ఆరబెట్టేటప్పుడు దీని మీద ఏమన్నా పెట్టారా?"

ఏమీ పెట్టలేదన్నాను. బిళ్ళ విరిచి లోపలి భాగం మీద లేజరు కొట్టింది. మామూలు మట్టిలో ఉండేంతే ఉందంది. భోజనం దగ్గర గుర్తొచ్చింది. బిళ్ళలు ఎండకి వంకరపోకుండా విసురువల మడిచి మీద పెట్టాను. ఆ వల అంచునిండా సీసపు గుళ్ళే. మా వైపు ఏది కదలకుండా ఉండాలన్నా వలే బరువు. ఆ సంగతి పిల్లతో చెప్పడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది.

ఊరొచ్చి పక్క చెరువాయన ఇంటికెళ్ళాను. అంతా విన్నారు.

"మరి మీ చేపలు దేనికి పోయాయండీ?"

"తెలీదండీ."

"ఆ మాట ఆ రోజే అనుంటే సరిపోయేది కదండీ."

ఆదివారం ప్రార్థన అయ్యాక వాళ్ళ చర్చి బయట అందరికీ చెప్పమన్నారు. వెళ్ళాను. లేజరుతో మొదలుపెట్టి, గ్యాసు దాకా వచ్చి, దారి తప్పాను. వినేవాళ్ళూ తప్పారు. చివరికి, సీసం నా వలదే, ఆయనది కాదు అన్నాను.

బుట్టలో చేపలమ్ముకునే ఆవిడ ముందుకొచ్చింది. "అయితే ఈయన చేప అమ్మకానికి ఎత్తుకోవచ్చాండీ?"

ఎత్తుకోమన్నాను. ఎన్ని బుట్టలు కావాలో ఆయన ఆవిణ్ణి అడిగారు. నన్నేమీ అడగలేదు.