తుఫాను రాని రోజు మునిగిన ఓడ

మాంద్యం మొదలైన ఏడాది నా ఉద్యోగం పోయింది. షానన్ దగ్గర వైద్య పరికరాల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజినీరుగా పనిచేసేదాన్ని. "ఇందులో ఎవరి తప్పూ లేదు, పరిస్థితులు అలా వచ్చాయి" అన్నాడు మేనేజరు. ఎన్నిస్ ఊళ్ళో మా ఇంట్లో కూర్చుంటే ఆ మాటే చెవుల్లో మోగేది. షానన్ నది ముఖద్వారం వైపున్న ఓ రేవు ఊళ్ళో పాత ఓడల ప్రదర్శన పెడుతున్నారని తెలిసి, జీతం లేకపోయినా సాయానికి వెళ్ళాను.

పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడి చిన్న తెరచాప ఓడలు ఓట్స్ గింజలు తీసుకెళ్ళి బొగ్గుతో తిరిగొచ్చేవి. ఓడకు నలుగురైదుగురు మనుషులు. మునిగిపోయిన ఒక ఓడ గురించి బోర్డు రాయమన్నారు నన్ను. లైబ్రరీలో పాత పత్రికలు వెతికితే ఆ ఓడలో పోయినవాళ్ళ మరణ విచారణ వార్త దొరికింది. కెప్టెన్ తర్వాతివాడైన మేటు కూడా చనిపోయాడు. అతని భార్య సాక్ష్యం చెప్పింది. ఓడలోకి ఊరే నీళ్ళు తోడే పంపు గింజలతో పూడుకుపోతోందని, బాగుచేయించమని అతను యజమానిని రెండుసార్లు అడిగాడట. "నువ్వెక్కకపోతే ఎక్కడానికి ఇంకొకడున్నాడు" అన్నాడట యజమాని. మేటు ఎక్కాడు. గాలి పెద్దగా లేని రోజే ఓడ మునిగింది.

అదంతా ఉన్నదున్నట్టు రాశాను. ప్రదర్శన కమిటీ పెద్దాయన చదివి సగం కొట్టేశాడు.

"యజమాని వంశం వాళ్ళు ఇంకా ఈ ఊళ్ళోనే ఉన్నారు. తుఫానులో మునిగిందని రాయి, గ్రాండ్‌గా ఉంటుంది."

"ఆ రోజు తుఫాను లేదండీ."

"వందేళ్ళు దాటింది. ఇప్పుడెవరికి కావాలి?"

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "వదిలెయ్యవే, రేపు ఉద్యోగానికి రిఫరెన్స్‌ కోసం ఆయన్నే అడగాలిగా" అన్నాడు. చేతిలో గరిట సింకులోకి విసిరికొట్టాను. ఆయనకీ వారానికి మూడు రోజులే పని. తప్పు ఆయనది కాదని తెలిసినా కోపం ఆగలేదు.

ప్రారంభం రోజు బోర్డు మీద తుఫానే ఉంది. ఊతకర్రతో ఒక ముసలావిడ వచ్చి బోర్డు ముందు ఆగింది. "ఈ మేటు మా ముత్తాత" అంది నాతో. సంచిలోంచి ఆ వార్త జిరాక్సు తీసి ఆవిడ చేతిలో పెట్టాను. నిలబడే మొత్తం చదివింది.

"తుఫాను ఎక్కడుందయ్యా ఇందులో?" అని పెద్దాయన్ని గట్టిగా అడిగింది.

"ముందు టీ తాగుదాం రండి" అన్నాడతను.

ఆవిడ కాగితం నాకిచ్చింది. "నువ్వు చదువమ్మాయ్, అందరికీ వినపడేలా."

చదివాను. కొందరు కప్పులు పట్టుకుని పక్కకి జరిగారు.

"ఈ ఊరి సంగతులు నీకేం తెలుసు?" అన్నాడు పెద్దాయన.

"ఊరి సంగతి తెలీదు. పాడైన పంపుతో పంపిస్తే ఏమవుతుందో తెలుసు."

మరుసటి వారం కమిటీ వాళ్ళు ఫోన్ చేసి ఇక రావద్దన్నారు. ముసలావిడ మాత్రం ప్రతి శనివారం మడతకుర్చీ తెచ్చుకుని ఆ బోర్డు పక్కనే కూర్చుని, వచ్చినవాళ్ళకి పంపు సంగతి చెప్పేదని తర్వాత తెలిసింది. ఆవిణ్ణి లెమ్మనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. బోర్డు మాత్రం మార్చలేదు. ప్రదర్శన ముగిసేదాకా దాని మీద తుఫానే ఉంది.