తండాలో పదహారు కాఫీలు

ఈరోజు మాఘమాసం, సోమవారం. మా వియ్యపురాలు పోయి ఇవాళ్టికి పదో రోజు. ఆ శనివారం మధ్యాహ్నం కల్లంలో మిరపకాయ తిరగేసి ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కొని, నడుము నొస్తున్నదని మంచం మీద ఒరిగిందట. మళ్ళీ లేవలేదు. కోడలు మహబూబాబాద్ నుంచి ఫోన్ చేసి, "అత్తమ్మా, యాడి పోయింది" అని ఒక్క మాట చెప్పింది. వాళ్ళ ఇంటి భాషలో యాడి అంటే తల్లి.

ఎల్లుండి బుధవారం ఆమె దినం. నిన్న మొగుళ్లపల్లి నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "పోయి దండం పెట్టి రా అక్కా. తినుడెందుకు? ఉపవాసమని చెప్తే ఎవరేమంటరు?" అన్నాడు. ఆలోచించి చెప్తానన్నాను. ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని; కాగితం మీద పెట్టనిదే నాకు ఏదీ తేలదు. మన విశ్రాంత ఉపాధ్యాయుల పత్రికవాళ్ళు ప్రతి నెలా ఏదో ఒకటి రాయమంటారు కాబట్టి ఈ నెల ఇదే రాస్తున్నాను.

పోయిన నెల మన సమావేశంలో ఒకామె, ఇళ్ళల్లో ఇంకా ప్యాకెట్ పొడి కాఫీ తాగేవాళ్ళున్నారా అని అడిగింది. అందరూ నవ్వారు. దవాఖానలో పేషెంట్ దగ్గర కూర్చున్నప్పుడు తప్ప ఎవరు తాగుతారని ఒకరన్నారు. ఇంకొకరు రోడ్డు మీద కొత్తగా పెట్టిన కాఫీ షాపు సంగతి ఎత్తారు. నేను చెయ్యెత్తలేదు. ఇప్పుడు ఎత్తుతున్నాను. నేను తాగుతాను, రోజూ నాలుగు గంటలకు. అది నాకు అలవాటు చేసింది మా వియ్యపురాలు, నా అబద్ధం మూలంగా.

పదకొండేళ్ళ కింద మా అబ్బాయి, గార్ల దగ్గరి తండా అమ్మాయిని చేసుకుంటానన్నాడు. పిల్ల నర్సు, బుద్ధిమంతురాలు. వద్దనడానికి నా దగ్గర న్యాయమైన కారణం లేదు; పుట్టింట్లో నేర్చిన కట్టుబాటు మాత్రం ఉంది. మా అమ్మ బయటి ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. మాట ఖాయం చేసుకోవడానికి వెళ్ళినరోజు పిల్ల తల్లి చాయ్ గ్లాసు నా ముందు పెట్టింది. నేను చాయ్ తాగను, కాఫీయే అలవాటు అన్నాను. స్టాఫ్ రూములో రోజుకు రెండు చాయ్‌లు తాగే మనిషిని. తండాలో కాఫీ ఎక్కడ ఉంటుందిలే అనే ధీమా. ఆమె గ్లాసు తీసుకొని తనే తాగేసింది.

పెళ్ళయిన రెండో నెలలో మళ్ళీ వెళ్ళాను. జనగామలో రైలెక్కి గార్లలో దిగి, ఆటోలో తండాకు. గడప దాటగానే గోడ మేకుకు కాఫీ ప్యాకెట్ల సరం వేలాడుతూ కనిపించింది. ఇప్పుడేం సాకు చెప్పాలి? ఆమె నాకు ఆ శ్రమ ఇవ్వలేదు. పీట వేసి, నా ముందు కొత్త గిన్నె, కొత్త గ్లాసు పెట్టింది. కొట్టువాడి చీటీలు ఇంకా వాటికి అంటుకొనే ఉన్నాయి. పాల ప్యాకెట్, చక్కెర ప్యాకెట్ కోయలేదు. నేను చేతిలో మోసుకుతిరిగే నీళ్ళ సీసా వైపు చూపించి చెప్పింది.

"నీళ్ళు మీయే ఉన్నయ్. మీరే కలుపుకోండ్రి టీచరమ్మా. మేం ఎవ్వరం ముట్టలె."

ఆ క్షణాన నాకు సిగ్గు కలగలేదు. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను: హాయిగా అనిపించింది. సిగ్గు తర్వాత వచ్చింది, కొంచెం కొంచెంగా, ఏళ్ళ తరబడి. ఆమె పొయ్యి మీద నేను పాలు కాచాను. దించబోతుంటే ఇంకో గ్లాసు తెచ్చి నా ముందు పెట్టి, "నాకు సుత గింత పొయ్యుండ్రి" అన్నది. పోశాను. నా చేతిది ఆమె తాగింది, కషాయం మింగినట్టు ఒక్క గుక్కలో. తొందరగా తాగితే చేదు తెలియదని వివరణ కూడా ఇచ్చింది.

అబద్ధం ఆడాక దానికి తగ్గట్టు బతకాలి. నేను జనగామలో ఒక పరిచయస్తురాలి దగ్గర కాఫీ కలపడం నేర్చుకున్నాను. పొడి, చక్కెర, రెండు చుక్కల నీళ్ళు వేసి, రంగు తెల్లబడేదాకా స్పూనుతో గిలకొట్టాలి. తర్వాతే పాలు. తండాలో నేను అలా కూర్చొని గిలకొడుతుంటే ఆమె నవ్వేది. "గిది కాఫీయా, ముగ్గుపిండా?" అనేది. చక్కెర అర చెంచా మించితే నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఆమె గ్లాసులోనూ అంతే వేసేదాన్ని. ఇంకొంచెం కావాలా అని ఒక్కసారీ అడగలేదు.

నేను చాయ్ తాగుతానని ఆమెకు ఎప్పుడో తెలిసిపోయింది. చాయ్ సామాను ఎందుకు పెట్టలేదు, నేనే కాచుకునేదాన్ని కదా అని ఒకసారి అడిగాను. చాయ్‌పత్తా డబ్బాలో ఉంటుంది, డబ్బాలో తమ చెయ్యి పడుతుంది, ఈ ప్యాకెట్ అయితే అంటించినట్టే ఉంటుంది కదా అన్నది. కోపంతో కాదు. ఏ కాలువ మీదుగా నీళ్ళు పారించాలో చెప్పినంత మామూలుగా.

ఒక ఎండాకాలం మా అబ్బాయికీ కోడలికీ మాటలు లేవు. పంచాయితీ చెప్పాలని ఇద్దరినీ అక్కడికే రమ్మని నేను తండాకు వెళ్ళాను. ఆమె నా నోరు తెరవనీయలేదు. నాలుగు గ్లాసుల్లో పొడీ చక్కెరా వేయించి, రెండు గ్లాసులు వాళ్ళిద్దరి చేతికిచ్చి గిలకొట్టమన్నది. "పొయ్యి ముట్టియ్యాలె టీచరమ్మా, ఇల్లు కాదు" అని నాతో మెల్లగా అన్నది. పది నిమిషాలకు మా అబ్బాయి కోడలి గ్లాసులోకి చూసి, నీది ఇంకా నల్లగనే ఉన్నదన్నాడు. అది చాలింది. నేను తయారు చేసుకున్న ఉపన్యాసం నాతోనే తిరిగి జనగామ వచ్చింది.

ఆమె మా ఇంటికి నాలుగుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా మిర్చి తెచ్చేది. పొడి కొట్టించకుండా కాయలే తెచ్చేది. పచ్చిసరుకుకు అంటు లేదని ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు, నేనైతే చెప్పలేదు. నేను పెట్టినవన్నీ తిన్నది, పోసినవన్నీ తాగింది. నాలుగుసార్లలో ఒక్కసారి కూడా ఆమెకు ఉపవాసం రాలేదు.

పోయిన ఆశ్వయుజంలో స్నానాలగదిలో జారి నా కుడి మణికట్టు విరిగింది. కట్టుతోనే తండాకు వెళ్ళాను, మనుమరాలు అక్కడ ఉందని. నాలుగైంది. ఎప్పటిలాగే గిన్నె, గ్లాసు, ప్యాకెట్ వచ్చాయి. నేను ఎడమచేత్తో ప్యాకెట్ చింపబోయాను, రాలేదు. పళ్ళతో ప్రయత్నించాను. ఆమె గడపలో కూర్చొని చూస్తున్నది కాని సాయానికి రాలేదు. తొందరపెట్టనూ లేదు. చివరికి నేనే ప్యాకెట్ ఆమె వైపు చాపాను. మీరే కలపండి అన్నాను.

ఆమె లేచి చేతులు కడుక్కున్నది. నా నీళ్ళ సీసా ముట్టలేదు. తన కుండలోంచి నీళ్ళు ముంచింది. పదిహేనుసార్లు చూసిన పని కాబట్టి తెల్లగా నురగ వచ్చేదాకా గిలకొట్టింది. తన చక్కెర డబ్బా దగ్గర మాత్రం ఆగలేదు, రెండు చెంచాలు నిండుగా పోసింది.

"పదిహేను సార్లు మీ చేతి చేదు తాగిన టీచరమ్మా. గియ్యాల నా చేతి తీపి తాగుండ్రి."

పెదవులు అతుక్కునేంత తీపి. మొత్తం తాగాను. ఇంకొంచెం పోయమన్నాను. అప్పుడు ఆమె కొంగుతో మొహం తుడుచుకొని, ఇంక వదినె అనవచ్చునా అని అడిగింది. ఆ మాట అడగకుండానే అనవలసిన వరస ఆమెది. నేను తల ఊపాను. తర్వాత ఫోన్‌లో రెండుసార్లు అలాగే పిలిచింది. "వదినె, చెయ్యి కూడిందా?" అని ఒకసారి. "వదినె, కాయ మంచిగ ఎండుతున్నది, రా" అని ఇంకోసారి. వెళ్ళలేదు, చలి తగ్గాక వెళ్దామనుకున్నాను.

చెయ్యి విరగకపోతే ఆ ప్యాకెట్ ఆమెకు ఇచ్చేదాన్నా? నాకు తెలియదు. తెలుసని రాస్తే అది ఇంకో అబద్ధం. మాట ఖాయం చేసుకున్న రోజు పోను, నేను తండాకు వెళ్ళింది పదహారుసార్లు. పదిహేనుసార్లు ఆమె నా కట్టుబాటును తన ఇంట్లో పీట వేసి కూర్చోబెట్టింది, ఒక్క ఎత్తిపొడుపు లేకుండా. ఒకరి మొండితనాన్ని అవమానించకుండా కరిగించడం నాకు ఏ ట్రైనింగులోనూ నేర్పలేదు. మిగిలిన బతుకంతా నేను ఆమెకు కృతజ్ఞురాలిని.

కాగితం మీద పెట్టాక తేలింది. ఇక జరగవలసినవి:

1. ఈ సాయంత్రమే తమ్ముడికి ఫోన్ చేసి, బుధవారం అక్కడ తింటానని చెప్పాలి. ఎందుకని అడిగితే ఇది చదివి వినిపించాలి. వాడు వస్తే మంచిది. రాకపోతే రైలు వాడికోసం ఆగదు, నేనూ ఆగను.

2. అత్తమ్మకు వేరే వండించాలా అని కోడలు తప్పకుండా అడుగుతుంది, దుఃఖంలో ఉండి కూడా. అడగకముందే వద్దని చెప్పాలి. మాంసం నేను పుట్టి బుద్ధెరిగి ముట్టనిదాన్ని, అది వేరే సంగతి. అందరికీ వండిన అన్నం, పప్పు తింటాను. కుండలో నీళ్ళు తాగుతాను.

3. బంతిలో తండా ఆడవాళ్ళ మధ్య కూర్చోవాలి, చివర్లో కాదు. వడ్డించేవాళ్ళు నా దగ్గరికి రాగానే గరిటె పట్టుకొని ఆగుతారు. పదకొండేళ్ళుగా నన్ను చూసినవాళ్ళు. వాళ్ళకు అడిగే కష్టం రాకూడదు. వాళ్ళు ఇంకా రెండు ఆకుల అవతల ఉండగానే, నా ఆకు మీద నీళ్ళు చల్లి తుడిచి, చెయ్యి చాపుకొని ఉండాలి.