ఏరు అనే మాట

తడిసిన మట్టికుండ వాసన ఏ దేశంలోనైనా ఒకటేనని నాకు చియాంగ్ మాయిలో తెలిసింది. థాయ్‌లాండ్‌లో కొండల పక్కన ఉండే ఊరది. పొద్దెక్కేసరికే ఎండ మే నెల కొత్తగూడెంలో కాసినట్టు మాడు పగలగొడుతుంటే, మా అక్క కూతురు రజిత, నేను హోటల్ వెనక సందులో నీడ వెతుక్కుంటూ నడుస్తున్నాం. ఒక ఇంటి గేటు ముందు నాలుగు కర్రలు పాతి, పైన చిన్న పెంకుల కప్పు వేసి, దాని కింద రెండు మట్టికుండలు పెట్టారు. పక్కన కొబ్బరిచిప్పకు పొడుగు కాడ తగిలించిన ముంత వేలాడుతోంది. ఫోన్‌లో మాటలు మార్చే యాప్ తెరిచి, గేటులో నిలబడ్డ ముసలావిడను అడిగి రజిత కనుక్కుంది, దారిన పోయేవాళ్లు తాగడానికి ఆ ఇంటివాళ్లు రోజూ నీళ్లు నింపి పెడతారట. మన చలివేంద్రమే కదా అనుకుని నేను ముంత అందుకోబోయాను.

"తాగకు చిన్నమ్మా, కడుపు ఖరాబైతది. బాటిల్ తెచ్చిన గదా," అని రజిత నా చెయ్యి పట్టుకుంది.

సరేనని బాటిల్ నీళ్లే తాగాను. కానీ ఆ కుండ వాసన హోటల్ దాకా నాతోనే వచ్చింది.

ఈ ప్రయాణం నిజానికి నాది కాదు, మా సుగుణక్కది. రజితకు హైదరాబాద్‌లో ఉద్యోగం. వాళ్లమ్మను ఒక్కసారన్నా విమానం ఎక్కించి వేరే దేశం చూపించాలని పట్టుబట్టి పాస్‌పోర్టు కూడా చేయించింది. దాని మీద ఒక్క ముద్రన్నా పడకముందే అక్కకు పక్షవాతం వచ్చింది, కొద్దిరోజుల్లోనే పోయింది. ఏడాది గడిచాక రజిత మా ఇంటికి వచ్చి, అమ్మ బదులు నువ్వన్నా రా చిన్నమ్మా అని అడిగితే కాదనలేకపోయాను. వచ్చాం. హోటల్ గదిలో కెటిల్‌తో కాచిన నీళ్లు పోసి ఉప్మా చేసుకుంటున్నాం, నాలుగు కవర్లలో చుట్టి తెచ్చిన గోంగూర పచ్చడి వాసన బీరువా అంతా పట్టింది, మన ఆటోల్లాగే కిక్కిరిసిపోయే ఎర్ర బండ్లలో ఎదురుబొదురుగా కూర్చుని తిరుగుతున్నాం, గుడి గుడికీ చెప్పులు విప్పి కాలే గచ్చు మీద గంతులేస్తున్నాం. ఇక్కడ మామిడిపండు అన్నంలో పెట్టుకుని తింటారని రజిత ఆశ్చర్యపోతే, పెరుగన్నంలో రసాలు పిసుక్కుని పెరిగినదాన్ని నాకేం వింత అని నవ్వాను. అన్నీ బాగున్నాయి. బాగుండనిది ఒక్కటే, మా గది కిటికీ. అది నది మీదికి తెరుచుకుంటుంది. "అమ్మకు ఏరంటే పాణం గదా, అందుకే ఏటి పక్కన రూమ్ తీసుకున్న," అని వచ్చిన మొదటిరోజే రజిత ఎంతో ప్రేమగా చెప్పింది.

అక్క భద్రాచలంలో దవాఖానాలో ఉన్నప్పుడు నేను మోకాలి ఆపరేషన్ అయి వైరాలో మా ఇంట్లో మంచం దిగలేని స్థితిలో ఉన్నాను. అన్నీ ఫోన్లో వినడమే. మూతి ఒక పక్కకు పోయిందని, మాటలన్నీ పోయి ఒకే ఒక్క మాట మిగిలిందని, పొద్దస్తమానం ఏరు, ఏరు అంటోందని రజిత ఏడుస్తూ చెప్పేది. మింగితే పొలమారుతుంది కాబట్టి నీళ్లు పట్టొద్దన్నారని, చెంచాతో పెదాలు తడుపుతున్నామని కూడా చెప్పింది. చిన్నప్పటి గోదావరి గుర్తొస్తోంది కాబోలని, ఇంటికి తీసుకుపోయే రోజు కరకట్ట మీద కారు ఆపి, తలుపు తెరిచి నదిని చూపించారట. అక్క నీళ్లకేసి చూస్తూ కన్నీళ్లు కారుస్తూ అదే మాట అంటూనే ఉందట. "కోరిక తీరింది చిన్నమ్మా, తృప్తిగ పోయింది," అంది రజిత. నేను ఫోన్ పెట్టేశాను. ఎందుకంటే మా అక్కచెల్లెళ్లిద్దరి మధ్య ఏరు అంటే వాగూ కాదు, గోదారీ కాదు, మంచినీళ్లు. దాహం వేసి నీళ్లడిగిన మనిషిని తీసుకుపోయి నది ఒడ్డున కూర్చోబెట్టారు. ఈ సంగతి ఈ పిల్లకు చెప్పాలా, చెప్పకుండా నాతోనే పోనివ్వాలా అన్నది ఏడాదిగా నా గుండెల మీద కూర్చుని ఉంది.

ఆ మాట మాకు ఎక్కడ దొరికిందో చెప్పాలంటే వేసవి సెలవుల దగ్గరికి పోవాలి. మాది పెనుబల్లి దగ్గర పల్లె. బడి మూసీమూయగానే అమ్మ మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకుని సత్తుపల్లిలో ఒక బస్సు, కొత్తగూడెంలో ఒక బస్సు, భద్రాచలంలో ఇంకో బస్సు మారుతూ పర్ణశాల అవతల మామయ్య వాళ్ల ఊరికి తీసుకుపోయేది. చివరి బస్సు కిటికీలోంచి అడవి మొదలవగానే ఎండిన ఆకుల వాసన, దాని వెనకే ఇప్పపూల మత్తు వాసన వచ్చేవి, అక్క నా చెవిలో "వేరే దేశమొచ్చింది" అనేది. మాకు అది నిజంగా వేరే దేశమే. మామయ్య ఇంటి వెనక కల్లంలో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు మేం వరసగా తుమ్ముతుంటే, ఊరిపిల్లలు మమ్మల్ని చూసి పడిపడి నవ్వేవాళ్లు. పొద్దున్నే తాటిముంజలు, మధ్యాహ్నం వసారాలో గచ్చకాయలాట, సాయంత్రం గోదారి ఇసుకలో చెలమలు తవ్వి అందులో ఊరే నీళ్లలో ముఖాలు చూసుకోవడం, తునికిపండ్లు తిని వగరుకు నాలుకలు మొద్దుబారిపోతే ఒకరి నాలుక ఒకరికి చూపించుకోవడం, ఆవకాయ కలిపిన రోజు గిన్నెలో మిగిలిన కారంలో అన్నం కలిపి అత్తయ్య పెట్టే ముద్ద కోసం చేతులు చాచి కొట్టుకోవడం. నా వంతు ముద్ద పెద్దదిగా ఉందని అక్క ఏడ్చేది, అక్కదే పెద్దదని నేను ఏడ్చేదాన్ని.

అమ్మమ్మకు నీళ్ల పట్టింపు ఎక్కువ. చెంబెత్తి పెదవికి తగలకుండా గొంతులో పోసుకునేది, మేం అట్లా తాగబోయి ముక్కుల్లోకి పోయి దగ్గితే వీపు మీద చరిచేది. బావిలో తను చేదిన నీళ్లే తాగాలి, తను తోమిన కుండలోవే తాగాలి. కోయల గూడెం వైపు పోతే ఎవరింట్లోనూ నీళ్లు ముట్టొద్దని చెప్పి ఇత్తడి మరచెంబు నింపి మా మెడకు కట్టినంత పని చేసేది. ఎందుకు ముట్టొద్దో చెప్పేది కాదు, మేమూ అడిగేవాళ్లం కాదు. పెద్దయ్యాక కారణం తెలిసి సిగ్గేసింది. అప్పుడు మాత్రం మరచెంబు బరువొక్కటే తెలిసేది.

ఆ ఏడు నాకు భద్రాచలంలో పుట్టువెంట్రుకలు తీయించారు. మొక్కు ఆలస్యమై, ఊహ తెలిశాక తీయించడంతో నున్నటి గుండుతో నేను ఎక్కడికి పోయినా పిల్లవాడా, పిల్లా అని అడుగుతుంటే ఉడుక్కుని చచ్చేదాన్ని. మామయ్యకు చిన్న కిరాణం ఉండేది. బీడీలకు తునికాకు కోసే రోజుల్లో ఎడ్లబండి మీద ఉప్పు, చింతపండు, బెల్లం వేసుకుని గూడేలకు పోయేవాడు. ఆ రోజు మేమూ బండెక్కాం. కోయవాళ్లు తెల్లవారుజామునే అడవికి పోయి తెచ్చిన ఆకు కుప్పలు పోసుకుని చెట్ల కింద కూర్చుని కట్టలు కడుతున్నారు. కల్లం నిండా పచ్చి ఆకు వాసన. మరచెంబులో నీళ్లు బండి కుదుపులకే సగం ఒలికిపోయాయి, మిగతా సగం మేం దారిలోనే తాగేశాం. నా నాలుక పిడచకట్టుకుపోతోంది. మామయ్య బేరాల్లో మునిగి ఉన్నాడు. నేను పోయి ఆకు కడుతున్న ఒకామె ముందు నిలబడి నోటి దగ్గర చెయ్యి పెట్టుకుని సైగ చేశాను. ఆమె పేరు ముత్తమ్మ అని తర్వాత తెలిసింది. ఆమె నా ముఖంలోకి చూసి నవ్వి ఏదో అడిగింది. నాకు మాత్రం "ఏరా?" అని వినిపించింది.

అంతే, గుండు చూసి మగపిల్లవాడనుకుని నన్ను ఏరా అంటోందని భోరుమన్నాను. ముత్తమ్మ కంగారుపడి లేచి నిలబడింది, చుట్టూ ఉన్నవాళ్లు ఆకు కట్టడం ఆపి చూశారు. అక్క మాత్రం ముత్తమ్మ చెయ్యి ఎటు చూపిస్తోందో చూసింది. కొమ్మకు సొరకాయ బుర్ర వేలాడుతోంది.

"నిన్ను గాదే పిచ్చిదానా, నీళ్లను గట్ల అంటరు వీళ్లు! ఏరంటే నీళ్లే!"

అమ్మమ్మ మాట నాకు గుర్తొచ్చింది, అక్కకూ గుర్తొచ్చే ఉంటుంది. అయినా అదే ముందు దోసిలి పట్టింది. ముత్తమ్మ బుర్ర వంచి పోసిన నీళ్లు తాగి, తడి మూతి తుడుచుకుని, నా కోసం మళ్లీ దోసిలి పట్టి నా నోటికి అందించింది. ఆ నీళ్లలో సొరకాయ చేదు ఉందీ లేనట్టుగా ఉంది, చల్లదనం మాత్రం గొంతులోంచి పొట్ట దాకా తెలిసింది. అంత రుచైన నీళ్లు నేను మళ్లీ తాగలేదు.

ఆ వేసవంతా మేం ఇద్దరమే మాట్లాడుకునే భాష ఒకటి పుట్టింది. అందులో ఉన్నది ఒక్కటే మాట. అమ్మమ్మ ఎక్కడికే అని అడిగితే "ఏటికి" అని చెప్పి గూడెం వైపు పరుగెత్తేవాళ్లం, అది అబద్ధం కాదని ఎంతో సంబరం. అక్క గ్లాసు నా ముందు పెట్టి "ఏరా?" అని అడిగేది, నేను "ఏరే" అని జవాబు చెప్పాలి, చెప్పకపోతే గ్లాసు వెనక్కి తీసుకునేది. పెళ్లిళ్లయ్యాయి, నేను వైరా, అది భద్రాచలం చేరాం, పిల్లలు పుట్టారు, మా తలలు నెరిశాయి, మా ఆట మాత్రం ఆగలేదు. ఫోన్ ఎత్తగానే హలో ఉండేది కాదు. "ఏరా?" అనేది అక్క. "ఏరే," అనేదాన్ని నేను. అప్పుడే మొదలయ్యేవి కష్టసుఖాలు. ఇంట్లోవాళ్లు మాత్రం, పెద్దది కాబట్టి చెల్లెల్ని ముద్దుగా ఏరా అంటోందనుకునేవాళ్లు.

ఇప్పుడు ఆ ఊళ్లో మామయ్య లేడు, కిరాణం లేదు. మొన్నామధ్య పోయినప్పుడు గూడెం పిల్లల చేతుల్లో ప్లాస్టిక్ సీసాలు చూశాను, సొరకాయ బుర్ర ఒక్కటి కూడా కనిపించలేదు. ముత్తమ్మ గురించి అడిగితే ఏ ముత్తమ్మ అన్నారు.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున్న రజిత, నేను మళ్లీ ఆ సందులోకి పోయాం. కుండల పక్కన బల్ల మీద కూర్చున్నాం. రజిత హోటల్‌లో నేర్చుకున్న మాటలు అప్పజెబుతోంది. ఇక్కడ నీళ్లను నామ్ అంటారట, నదిని మేనామ్ అంటారట, అంటే నీళ్లతల్లి అని అర్థమట. "ఎంత బాగుంది చిన్నమ్మా! అమ్మ వింటే మురిసిపోయేది," అంది. ఇక తట్టుకోవడం నా వల్ల కాలేదు. చెప్పేద్దామనే నోరు తెరిచాను. కానీ చెప్పేముందు ఒక్కటి అడగాలనిపించింది. ఏడాదిలో ఒక్కసారి కూడా అడగలేదు.

"దవాఖానాలో మీ అమ్మ ఆ మాట ఎట్ల అన్నదే? అన్నది అన్నట్టు చెప్పు."

రజిత మూతి కొంచెం పక్కకు లాగి, బరువుగా, అడుగుతున్నట్టు అంది, "ఏ...రా? ఏ...రా? గిట్ల అనేది. మా ముఖాలల్లకు ఒక్కొక్కరి దిక్కే చూసుకుంట. ఏరు అననీకి నోరు తిరగక గట్లంటుందనుకున్నం."

ఇన్నాళ్లూ అక్క నీళ్లడిగిందని కుమిలిపోయాను. నీళ్లే అడిగిందో, నన్నే అడిగిందో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? మాటలన్నీ పోయినా ఆ ఒక్కటి పోనివ్వకుండా పట్టుకుని, వచ్చిన ప్రతి ముఖాన్నీ మా అక్క ఏరా అని అడిగింది. నేను తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియని జవాబు కోసం, చివరికి గోదారిని కూడా అడిగింది. నేను వైరాలో మంచం మీద ఉన్నాను. ఫోన్ ఒక్కసారి దాని చెవి దగ్గర పెట్టమని నాకు తోచలేదు, వాళ్లకూ తోచలేదు.

"ఏందైంది చిన్నమ్మా, గట్లున్నవ్?" రజిత నా భుజం పట్టుకుంది. దాని గొంతులో బెదురు. "అమ్మ అడిగింది ఏరే గదా?"

నేను లేచి కుండ మూత తీశాను. ముంతతో నీళ్లు ముంచాను. ఈసారి రజిత నా చెయ్యి పట్టుకోలేదు.

"ఏరే," అన్నాను.