గవరయ్య బావ నమ్మని పప్పు

గవరయ్య బావ తన పెళ్ళిలో తాళి కట్టే ముందు పెళ్ళికూతురి వేలిముద్ర తీసుకున్నాడు.

సరే, వేలిముద్ర అన్నది నేను కలిపిందే. సిరా లేదు, కాగితమూ లేదు. కానీ అడ్డుతెర దించగానే మహాలక్ష్మమ్మ ముఖంలోకి తేరిపార చూసి, "మొన్న నాకు సూపించింది ఈ పిల్లనేనా?" అని పురోహితుణ్ణి అడిగిన మాట మాత్రం అక్షరాలా నిజం. నేను పక్కనే ఉన్నాను. ఖిదిర్‌పూర్‌లో సిస్టర్ల బడిలో చదువుకున్నవాణ్ణి. అక్కడ అబద్ధమాడి దొరికితే బెంచీ ఎక్కించేవారు. అందుకని దొరక్కుండా ఆడటం చిన్నప్పుడే అలవాటైంది.

గవరయ్య బావ గురించి తెలుసుకోవలసింది ఒకటే ముక్క: అనుమానం. దేన్నీ నమ్మడు. గోడమీది క్యాలెండర్‌లో ఆదివారం అని ఉంటే పక్కింటికెళ్ళి వాళ్ళ క్యాలెండర్ కూడా చూసొస్తాడు. వాన పడుతుంటే అరచెయ్యి చాచి, పైకి చూసి, "ఎవులో మేడమీద బట్టలు పిండతన్నారు" అంటాడు. మహాలక్ష్మమ్మ కాఫీ ఇస్తే, ముందు ఆమె మొహం చూస్తాడు, తరవాత గ్లాసు చూస్తాడు.

"ఇయ్యాల పాలు బాగున్నాయేటి?"

"బాగున్నాయి."

"ఏల బాగున్నాయి?"

దీనికి జవాబు ఏ ఇల్లాలు చెప్పగలదు?

ఇలాంటి మనిషికి దేవుడు సరిగ్గా సరిపోయే ఉద్యోగం ఇచ్చాడు. ఇక్కడ బెంగాల్‌లో, గార్డెన్ రీచ్ రేవు పక్కన మా తెలుగు బస్తీ అంతా రేవు పనివాళ్ళదే. శ్రీకాకుళం వైపు నుంచి మా తాతలు వచ్చి స్థిరపడ్డారు. బావది డాక్ గేటు దగ్గర తనిఖీ పని. సాయంత్రం బయటికెళ్ళే ప్రతి కేరేజీ మూత తీయించి, అడుగు తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, "ఇందులో ఏటో మతలబుంది" అని మళ్ళీ తట్టేవాడు. రిటైరైన రోజు సన్మానం చేసి శాలువా కప్పితే, గేటు దగ్గరికి వచ్చి, ఆ శాలువా తనే విప్పి, దులిపి, తన జేబులు తనే తడుముకుని అప్పుడు బయటపడ్డాడు. తన మీద తనకి నమ్మకం కుదిరిందో లేదో ఇప్పటికీ చెప్పడు.

తరవాత కరోనా వచ్చింది. ఊరంతా తలుపులు మూసుకుంది. ఎవరినీ దగ్గరికి రానివ్వకండి, ఎవరిచ్చిందీ ముట్టుకోకండి, కూరగాయలు సబ్బునీళ్ళతో కడగండి, దగ్గినవాణ్ణి కనిపెట్టండి అని టీవీలో రోజంతా చెప్పారు. బావ అదంతా విని, కళ్ళు తుడుచుకుని నాతో ఫోన్‌లో అన్నాడు:

"ఇన్నాళ్ళకి లోకం నా దారికొచ్చీసింది, బావా."

"మరి నీకు భయం లేదా?"

"కంటికి కనపడని పురుగంతన్నారు. కనపడే మనుషుల్నే నాను నమ్మను, కనపడనిదాన్ని నమ్ముతానేటి?"

బస్తీలో నిబంధనలు అందరికంటే గట్టిగా పాటించింది ఆయనే. మాస్కు మీద మాస్కు వేసుకుని, పందిరి కర్ర ఒకటి అడ్డంగా పట్టుకుని నడిచేవాడు. కర్ర ఎవరికి తగిలితే వాళ్ళు దగ్గరికొచ్చినట్టు లెక్క.

ఆ రోజుల్లోనే మా మనవరాలు అమూల్య మా సందు క్లబ్బు కుర్రాళ్ళతో కలిసి ఒక సేవా సంఘం పెట్టింది. అమూల్యది సెక్టర్ ఫైవ్‌లో కంప్యూటర్ ఉద్యోగం; లాక్‌డౌన్‌లో ఇంట్లోంచే పని. కాలు బయటపెట్టకుండా సాయం చేసే దారులు ఎన్నో ఉన్నాయని అందరికీ ఫోన్ చేసి చెప్పింది. కుట్టు వచ్చినవాళ్ళు మాస్కులు కుట్టచ్చు. చదువు వచ్చినవాళ్ళు ఫోన్‌లో పిల్లలకి పాఠం చెప్పచ్చు. నాకు పిల్లలకి కథలు చెప్పే పని ఇచ్చింది. గంగానదిలో నేను తిమింగలాన్ని పట్టిన కథ చెప్పాను. వాళ్ళ తల్లులు ఫిర్యాదు చేశారు.

గవరయ్య బావని అడిగితే ఆయన ముందు అమూల్యని పరీక్షించాడు.

"జీతం లేదా?"

"లేదు తాతా, సేవ."

"జీతం లేకుండా పని సెయ్యమంతన్నావు. నీకేటి లాభం?"

"నాకూ ఏమీ లేదు."

"ఇద్దరికీ ఏటీ లేదా? ఇందులో ఏటో మతలబుంది. అదేటో సూడ్డానికైనా నాను సేరతాను."

ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళకి రోజూ ఫోన్ చేసి బాగోగులు కనుక్కునే పని ఆయనకి ఇచ్చారు. మొదటి ఫోన్ అప్పాయమ్మకి. అవతలి మాటలు ఆవిడే తరవాత నాకు చెప్పింది.

"అప్పాయమ్మేనా?"

"అవును బాబూ."

"అని నువ్వంతన్నావు. రుజువేటి?"

"మా ఆయనుంటే సెప్పేవోడు నాయనా. పోయి శానా కాలమైంది."

"ఎలగున్నావు?"

"బాగున్నాను."

"ఎవులు సెప్పినారు? బీపీ బిళ్ళ ఏసుకున్నావా?"

"ఏసుకున్నాను."

"ఏ రంగుది?"

"తెల్లది."

"నిన్న అమూల్యకి ఎర్రదన్నావు!"

అవతల డబ్బా మూత తీసిన చప్పుడు, నీళ్ళు తాగిన చప్పుడు.

"ఇదిగో, ఇప్పుడేసుకున్నాను. నీ అనుమానం మండిపోనూ."

ఇలా కాదని అమూల్య ఆయన్ని తప్పించి, తేనెలాంటి గొంతున్న ఒక అమ్మాయిని పెట్టింది. రెండోరోజే అప్పాయమ్మ తిరగబడింది. "ఆ పోలీసాయన ఏడీ? ఈ పిల్ల నానేటి సెప్పినా నమ్మేత్తంది. నాకు ఏటీ తోచడం లేదు!"

అందుచేత ఫోన్లు బావకే వదిలి, పైగా మధ్యాహ్నం భోజనాల దగ్గర కాపలా కూడా అప్పగించారు. క్లబ్బు బెంగాలీ వంటవాడు అన్నం, పప్పు, ఒక కూర వండేవాడు. మా వీధిలో మేడలమీంచి తాడు కట్టిన సంచి దింపి చేపలు, కూరలు లాక్కోవడం పాత అలవాటే. దూరం పాటించమనేసరికి అదే పనికొచ్చింది. కుర్రాళ్ళు సంచిలో పొట్లం పెట్టి దూరంగా జరిగితే, పైవాళ్ళు లాక్కునేవాళ్ళు. పన్నెండయ్యేసరికి వీధి పొడుగునా రంగురంగుల సంచులు వేలాడేవి. బావ కర్ర పట్టుకుని వాటి కింద అటూ ఇటూ తిరుగుతూ ఒక్కొక్క సంచినీ అనుమానించేవాడు.

ఒక్క కిటికీ నుంచి మాత్రం సంచి దిగేది కాదు. అది దర్జీ బంగారయ్యది.

బంగారయ్య ఎవరో చెప్పాలి. ఒంటరివాడు. రోడ్డుమీద ఆయన కుట్టు దుకాణం లాక్‌డౌన్ మొదటి రోజే మూతపడింది. కానీ దర్జా మూతపడలేదు. మా బస్తీలో ఏటా నూకాలమ్మ పండగ భోజనాలకి బియ్యం ఇచ్చేది ఆయనే. ఆ భోజనాలకి ఒక ఆచారం ఉంది. అమ్మవారికి నైవేద్యం అయ్యాక, పంక్తి కూర్చునే ముందు, పెద్దమనిషి ఒకడు ఒంటరిగా తొలి ఆకు ముందు కూర్చుని అన్నీ తిని, "కానీండి" అనాలి. అప్పటిదాకా ఎవరూ ముద్ద ముట్టరు. తిండిలో తేడా వస్తే పూచీ ఆయనది. ఆ తొలి ఆకు ఎప్పుడూ బంగారయ్యదే.

అమూల్య రోజూ కిందనుంచి అరిచేది. "బంగారయ్య తాతా, సంచి దింపండి!"

"నాకేలమ్మా? తినీసాను. లేనోళ్ళకి పెట్టండి."

"ఏం తిన్నారు?"

"పెసరట్టు."

మర్నాడూ పెసరట్టే. ఆ మర్నాడూ పెసరట్టే. చొక్కా మాత్రం రోజురోజుకీ ఒంటిమీద వదులవుతోంది. దర్జీ చొక్కా వదులవడం నేనెప్పుడూ చూడలేదు. చాటుగా ఒక పొట్లం గుమ్మంలో పెట్టించాను. "పొరపాటున నా గుమ్మంలో మరిసిపోనారు" అని తాడు కట్టి మళ్ళీ కిందకి దింపేశాడు. ఇలాగే సాగితే మనిషి దక్కడని అమూల్య ఏడ్చింది. పెట్టిన చెయ్యి చాచడం చచ్చినా నేర్చుకోదు, ఏం చేస్తాం?

గవరయ్య బావ ఆ కిటికీ కింద నిలబడి చాలాసేపు పైకి చూశాడు.

"వాడి మీద నాకు అనుమానంగా ఉంది."

"ఆకలితో ఉన్నవాణ్ణి కూడా అనుమానించాలా?" అన్నాను. నాకు ఒళ్ళు మండింది.

"పెసరట్టంతన్నాడు. కిటికీకాడికొచ్చే కాకికి తొలి ముద్ద విసరకుండా వాడెప్పుడూ తినడు. ఆ కాకి ఈ కిటికీకి రాడం మానీసి పక్కోళ్ళ కిటికీకి ఎల్లిపోనాది. మరి కాకి అబద్ధమా, వాడు అబద్ధమా?" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. దొంగని పట్టినవాడి ధోరణే గాని, జాలి పడ్డవాడిలా లేదు.

మర్నాడు కొంప మునిగింది.

సంచులన్నీ దిగాయి. కుర్రాళ్ళు పొట్లాలు పట్టుకున్నారు. బావ వీధి మధ్య కర్ర అడ్డం పెట్టాడు.

"ఆపండి! ఎవులూ తినకండి! ఈ పప్పులో తీపుంది!"

వంటవాడు బయటికొచ్చాడు. "దాదూ, పప్పులో మేము చిటికెడు పంచదార ఎప్పుడూ వేస్తాం కదా!"

"పప్పులో పంచదార ఏల? ఏదో వాసన కప్పెట్టడానికే! ఇందులో ఏటో మతలబుంది!"

చూడండి ఎంత అన్యాయమో. ఈ మనిషి పుట్టింది ఈ సందులో. పెరిగింది ఈ బెంగాలీ పప్పు తిని. పుట్టినప్పటినుంచీ లేని అనుమానం ఆవేళ, అంతమంది ఆకలితో ఉన్న వేళ వచ్చింది. పైన కిటికీల్లోంచి తిట్లు రెండు భాషల్లో పడ్డాయి. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. అమూల్య మాస్కు వెనక పళ్ళు కొరికింది.

"తాతా! మరేం చెయ్యమంటావు? పారబోయమంటావా?"

"పారబొయ్యడం ఏల? మనకి ఆచారం లేదేటి? తొలి ఆకు ఒకడు తినాల. బతికుంటే మిగతావోళ్ళు తింతారు."

"అయితే నువ్వే తిను!"

"నాను తిని బాగుందని సెప్తే, నా మాట నానే నమ్మను." కర్ర పైకెత్తి రెండో అంతస్తు చూపించాడు. "అదిగో, ఆ బంగారయ్య తినాల. మనిషిగా వాడు ఒట్టి అబద్ధాలకోరు. కానీ తిండికాడ వాడి నాలిక అబద్ధమాడదు."

కిటికీలో బంగారయ్య తల కనిపించింది. "నన్నేల లాగుతావురా? నాను తినీసాను."

"నిన్ను తిండికి పిలిసినానేటి? పనికి పిలిసినాను. పండక్కి దర్జాగా తొలి ఆకు కాడ కూకుంతావే, రోగం రోజుల్లో పూచీ పడమంటే పెసరట్టు అడ్డొచ్చిందా? భయపడితే సెప్పు, ఇంకోణ్ణి సూసుకుంతాం."

వీధంతా పైకి చూసింది. బంగారయ్య పిల్లలవైపు చూశాడు, వేలాడే సంచులవైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఇంతమంది తినాలంటే తప్పదు మరి" అని సంచి దింపాడు. తాడు సరిగా దిగలేదు. బావ ఆ సంచిలోకి ఒకటి కాదు, రెండు పొట్లాలు వేయించాడు.

"రెండేల?"

"ఒకటి మంచిదయి, రెండోది సెడ్డదయితే?"

బంగారయ్య కిటికీలో కూర్చుని, అందరూ చూస్తుండగా మొదటి ముద్ద పక్కన పెట్టి, రెండోది నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. కిటికీలన్నీ ఊపిరి బిగబట్టాయి.

"బాగానే ఉంది" అన్నాడు చాలాసేపటికి.

"ఒక్క ముద్దకేటి తెలుస్తాది?" అని బావ కింద గర్జించాడు. "అడుగునేటుందో? మొత్తం తిను!"

తిన్నాడు. పొట్లంలో ఆకు తుడిచినట్టయ్యేదాకా తిన్నాడు. నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, నూకాలమ్మ పండగనాడు అన్నట్టే ఖంగుమని అన్నాడు: "కానీండి!"

సంచులన్నీ ఒక్కసారి పైకి లేచాయి. వీధంతా గాలిపటాలు ఎగిరినట్టుంది.

వెళ్ళబోతూ బావ అన్నాడు: "రేపు కూడా సూడాల. ఒకరోజు సూసి వంటోణ్ణి నమ్మితే నా ఉద్యోగం నవ్వుతాది. రాత్రికి వండింది కూడా సూడాల."

అలా బంగారయ్య మా సంఘంలో తొలి ఆకు అధికారి అయ్యాడు. వారం తిరక్కుండా ఉప్పు తక్కువని, కూర ఉడకలేదని వంటవాణ్ణి వణికించాడు. మిషను బయటికి తీసి, దుకాణంలో మిగిలిన గుడ్డలన్నీ మాస్కులు కుట్టి సంచిలో దింపాడు. చొక్కా మళ్ళీ ఒంటికి పట్టింది. ఒకరోజు నేను తల ఎత్తి చూస్తే, ఆ కిటికీ మీద కాకి దర్జాగా కూర్చుని ఉంది. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. జన్మలో మొదటిసారి, గవరయ్య బావ మీద.

మొన్న ఈ కథ రాసుకుని వాళ్ళింటికెళ్ళి చదివి వినిపించాను. బావ కళ్ళజోడు పెట్టుకుని, నా మొహమే చూస్తూ విన్నాడు.

"అంతా అబద్ధం" అన్నాడు.

"ఏది అబద్ధం?"

"మొత్తం. పెళ్ళికాడ నుంచి. ఆ రోజు పప్పు మీద నాకు నిజంగానే అనుమానం వచ్చింది. వాడు పోతే పోతాడని వాడి సేత తినిపించినాను. ఇంకేటీ లేదు."

వంటింట్లోంచి మహాలక్ష్మమ్మ గొంతు వినిపించింది. "అనుమానమా? ఆ పొద్దున్న ఆ వంటోడికాడే గిన్నెడు పప్పు పోయించుకుని తెచ్చి, పీకలదాకా తిని, 'పంచదార సరిగ్గా పడింది' అని గిన్నె నాకీసినావు కాదేటి?"

బావ తలుపువైపు చూశాడు, నావైపు చూశాడు.

"దాని మాట నమ్ముతావేటి? నాకు సూపించింది ఈ పిల్లని కాదని నాను పెళ్ళికాడే సెప్పినాను."

"మరి కాకి, బావా? కాకి తిరిగి రావడం నేను కళ్ళారా చూశాను."

కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అది ఆ కాకి కాదు" అన్నాడు. "ఏరే కాకి."