వేడి నీళ్ల మీద వాలిన కాకి

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. మెషీన్ ఆగితే కారణం వెతకడం నా పని. ఇది చదివి నవ్వేవాళ్లు నవ్వుకోండి, నాకు మాత్రం కారణం దొరకలేదు.

నాది వనపర్తి. నాగర్‌కర్నూల్ బయట ఒక రిసార్టులో, హాలు లోపలి ఈతకొలనుకు నీళ్లు వేడిచేసే మెషీన్ చూసుకుంటాను. బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లకిస్తుంది కాబట్టి కరెంటు తక్కువ తాగుతుంది. ఆ వేడి పోకుండా చుట్టూ అద్దాలు, తలుపులకు రబ్బరు పట్టీలు. ఈతగాళ్లు వెళ్లగానే నీళ్ల మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరుస్తారు. పరిచేది కిష్టయ్య.

నేను సెలవులో ఉండగా కిష్టయ్య పోయాడు. బయట మెషీన్ దగ్గర గుండె ఆగిందని చెప్పి ఓనర్ శవాన్ని ఇంటికి పంపాడు. సంతాపమని హాలుకు తాళం వేశాడు. పట్టా మాత్రం తియ్యనివ్వలేదు.

మూడోనాటికి నేను తిరిగొచ్చాను. ఆ రోజు పిట్టకు పెట్టారు. చనిపోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పెడితే కాకి ముట్టాలి, అప్పుడే ఆ జీవికి తృప్తి. పూడ్చిన బొంద దగ్గర కాకి ముట్టలేదు. ప్రాణం పోయిన చోట పెడదామని భార్య లక్ష్మమ్మ గంప ఎత్తుకుని రిసార్టుకు వచ్చింది. మెషీన్ పక్కన విస్తరి వేసింది.

"పిల్లలను సదివిపిస్త, పరేషాన్ కాకు. జర ముట్టు," అని బతిమాలింది. ఒక్క కాకీ రాలేదు.

హాలు లోపలి నుంచి అరుపు వినిపించింది. నేను తాళం తీసి చూస్తే పట్టా నడుమ కాకి, ఒకేచోట పొడుస్తోంది. అది ఎగిరి గట్టున వాలింది. ఓనర్ ఉరికొచ్చేలోగా పట్టా చుట్టి చూశాను. సరిగ్గా ఆ చోట, పట్టా అడుగున, కిష్టయ్య తువ్వాల అతుక్కుని ఉంది.

"నా మొగడు ఈ నీళ్లల్ల సచ్చిండా సారూ?"

ఓనర్ ఆమె వైపు చూడనే లేదు. "కాకి యాడికెల్లి వచ్చిందో చూడు. ఆడికెల్లే వేడి పోతుంటది," అన్నాడు నాతో.

విస్తరి లోపల పెడతానంటే నీళ్లు ఖరాబైతయని ఆమెను బయటికి పంపి తలుపు మూయించాడు. ఆమె అద్దం అవతల మెతుకులు పెట్టింది. కాకి వచ్చి ఇవతలి నుంచి అద్దాన్ని పొడిచింది, మళ్లీ మళ్లీ పొడిచింది.

"తలుపు తియ్యి సారూ, నీ కాల్మొక్త."

తియ్యలేదు. వాడి నోట్లో మన్ను పడ.

నేను గోడ గోడా వెతికాను. చీమ దూరే సందు లేదు. వెనక్కి తిరిగితే కాకీ లేదు. తలుపు మూసే ఉంది. ఎట్లా వచ్చిందో, ఎట్లా పోయిందో ఇప్పటికీ చెప్పలేను.

సందు లేదంటే ఓనర్ సంతోషపడ్డాడు. బయట లక్ష్మమ్మ మెతుకులు ఏరి గంపలో వేసుకుంటోంది.