కత్తెర పిన్ని, కారు దీపం

ఆ వీధిలో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్లే లేరు. అందరికీ కత్తెర పిన్నే. బడిపిల్లల యూనిఫారాలు కుట్టడం ఆమె పని. వేలాడే దారం కొస కంటపడితే చాలు, చెయ్యి తనంతట తానే కత్తెర మీదికి పోతుంది. యాభై రెండో ఏట పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకుంది, పాత కారొకటి కొనుక్కుంది. అప్పటినుంచి బట్టల మూటలు వెనక పడేసుకుని, ఎవరినీ బతిమాలకుండా, ఎక్కడికైనా తనే వెళ్లివస్తోంది.

మూడు వారాలుగా ఆ కార్లో స్టీరింగు వెనక, ఇంజిన్లో ఏదో తేడా ఉందని చెప్పే పసుపు దీపం ఆరడంలేదు. పొగ పరీక్షలో బండి ఒకసారి తప్పింది కూడా. రెండో పరీక్షకు గడువు ఈ సాయంత్రం అయిదు. మరిది అప్పుడే ఆ కారు కొనేవాణ్ణి చూసిపెట్టాడు.

"ఈ వయసులో నీకెందుకు వదినా ఈ తలనొప్పి? అయిదింటికి అక్కడికే వస్తా. తప్పిందా, తాళాలు నా చేతిలో పెట్టెయ్."

"తప్పితే కదా!" అని పౌరుషానికి పోయి అనేసింది.

కోడలు కారు కంప్యూటరుకి తన ఫోను కలిపి చూసి జబ్బు కనిపెట్టింది. "పొగలో ఆక్సిజన్ ఎంతుందో ఇంజినుకి చెప్పే సెన్సరు పాడైంది అత్తయ్యా. అది తప్పు చెప్తోంది, ఇంజినేమో పెట్రోలు తెగ తాగేస్తోంది."

మధ్యాహ్నం అత్తాకోడళ్లిద్దరూ బానెట్ ఎత్తారు. పాత సెన్సరు పొగగొట్టానికి తుప్పుపట్టి అతుక్కుపోయింది. నూనె కొట్టారు, ఇంజిను కాసేపు నడిపి గొట్టం వేడెక్కించారు, అయినా మొండికేసింది. పిన్ని రెంచికి ఇనపగొట్టం తొడిగి, ఒంట్లో బలమంతా పెట్టి లాగింది. టక్కుమంది!

"కదిలిందే!" అంటూ ఆమె వేసిన కేకకు పక్కింటి కిటికీ తెరుచుకుంది.

కొని తెచ్చిన కొత్త సెన్సరును, దాని మొన దేనికీ తగలకుండా బిగించింది. దాని వైరు వేడిగొట్టానికి ఆనకుండా ప్లాస్టిక్ పట్టీతో పక్కకి కట్టింది. పట్టీ తోక కాస్త మిగిలి వేలాడింది. ఇంకేముంది, కత్తెర వచ్చింది. కచక్!

తోకతోపాటు వైరు కూడా తెగిపోయింది.

పిన్నికి పైప్రాణాలు పైనే పోయాయి. గంట నాలుగు. తన చేతిని తనే చెడామడా తిట్టుకుంది పిన్ని. ఆపైన కళ్లజోడు సర్దుకుని తెగిన కొసలు పట్టుకు చూసింది. నాలుగు సన్నని తీగలు: బూడిదరంగుది, నల్లది, రెండు తెల్లవి.

"తెల్లవాటిలో ఏది దేనికే?"

కోడలు సెన్సరుతో వచ్చిన కాగితం గబగబా చదివింది. "తెల్లవి రెండూ ఏది దేనికి కలిపినా పర్లేదట!"

"బతికించావు తల్లీ!"

కోడలి పెట్టెలో తీగలు కలిపే చిన్న లోహపు గొట్టాలున్నాయి. కోడలు అన్నీ ఒకేచోట కలపబోతుంటే పిన్ని ఆపింది. "అతుకులన్నీ ఒక్కచోట పడితే ఉబ్బుతుంది. మెట్లు మెట్లుగా వెయ్యాలి." ముప్ఫయ్యేళ్లుగా బట్ట మీద చేస్తున్న పనే అది. ఒక్కో తీగనూ ఒక్కో పొడవుకు కత్తిరించి, గొట్టంలో దూర్చి నొక్కి, పైన టేపు చుట్టింది. కోడలు ఫోన్లో పాత తప్పు చెరిపేసింది. తాళం తిప్పారు. ఇంజిను మెత్తగా అందుకుంది. పసుపు దీపం ఆరిపోయింది! ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా గెంతారు.

అయిదుకి ఏడు నిమిషాలుందనగా పరీక్ష చేసే చోటికి చేరారు. మరిది అప్పటికే గేటు దగ్గరున్నాడు, ఆ కారు తోలుకుపోదామని బస్సులో వచ్చి మరీ. పరీక్ష చేసేవాడు పొగగొట్టంలో పొగ కొలిచే పుల్ల పెట్టాడు, అంకెలు చూశాడు, కాగితం తీసి ముద్ర కొట్టాడు.

"బండి బాగుందమ్మా."

మరిది ఆ కాగితం రెండుసార్లు చదివి, వెనక సీట్లో కూర్చున్నాడు. పిన్ని అద్దాలన్నీ దించి బండి పోనిచ్చింది. ఒళ్లంతా గాల్లో తేలుతున్నట్టుంది ఆమెకు.

"వదినా! మా సందు దాటిపోయింది!"

"దాటనీవయ్యా."

"ఎక్కడికి అత్తయ్యా?" అంది కోడలు నవ్వుతూ.

ఇన్నాళ్లూ ఏదో ఒక మూట దించి రావడానికే తప్ప ఆమె ఆ కారు తీసింది లేదు.

"ఎక్కడికీ లేదే. ఊరికే" అంది కత్తెర పిన్ని.