ఫజలుద్దీన్‌కు దొరకని ఫాల్టు

కోరుట్లలో కార్ల కరెంటు పని చేసే ఫజలుద్దీన్‌ది ఒకటే పట్టు: తన కళ్లతో చూడందే ఏ ఫాల్టునూ నమ్మడు. కారు ఓనరు తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేసినా సరే, నమ్మడంటే నమ్మడు.

వానలో వైపరు ఆగిపోతోందని ఎండాకాలంలో వచ్చిన మేడిపల్లి ఆసామిని మృగశిర వానల దాకా ఆగమన్నాడు. దూరం పోతేనే హారను మోగదన్న ఇంకొకాయన వెంట సిరిసిల్ల దాకా వెళ్లి, అక్కడి పెళ్లిలో కడుపునిండా తిని, పెళ్లివారు పెట్టిన ఎర్ర తువ్వాల భుజాన వేసుకుని వచ్చాడు. హారను మాత్రం దారి పొడుగునా దివ్యంగా మోగిందట!

అలాంటి మనిషి దగ్గరికి కల్పన కారు తెచ్చింది. ఆమె భర్త రవీందర్‌కు వారానికి మూడుసార్లు జగిత్యాలలో డయాలసిస్. ఇన్నేళ్లూ కారు నడిపినవాడు ఇప్పుడు పక్క సీట్లో తల వాల్చి కూర్చుంటున్నాడు. కల్పనకు లైసెన్సు వచ్చి నెల కూడా కాలేదు. ఆసుపత్రి ముందు లారీల మధ్య కుడికి తిరగాలి. సరిగ్గా అక్కడే కుడి ఇండికేటరు ఒకసారి వెలుగుతుంది, ఒకసారి వెలగదు. మొన్న లారీ గుద్దినంత పనయింది. ఆ మలుపంటేనే ఆమెకు భయం. అలాగని ఒక్క రోజు మానేస్తే రవీందర్‌కు ఊపిరాడదు.

ఫజలుద్దీన్ ఎడమ ఇండికేటరు వేశాడు. టిక్, టిక్. కుడిది వేశాడు. అదీ టిక్, టిక్.

"మంచిగనే ఉన్నది గద బిడ్డా!"

"గీడ మంచిగనే ఉంటది చాచా. ఆడికి పోయినంక సతాయిస్తది."

"అయితే ఆడికే పోదాం పా."

వెనక లైటు దగ్గర కాసేపు ఏదో కెలికి, కల్పన వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు. మలుపు రాగానే కిటికీలోంచి సగం బయటికి వంగి ఎర్ర తువ్వాల ఊపాడు. లారీలు ఠక్కున ఆగాయి. పక్క సీట్లో ఉన్న రవీందర్ చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"ఇండికేటరు నువ్వేనా చాచా?"

"ఇయ్యాల ఫాల్టు దొరకలే. ఎల్లుండి సూద్దాం" అన్నాడు ఫజలుద్దీన్ గంభీరంగా.

ఎల్లుండీ దొరకలేదు. నాలుగు వారాలు గడిచాయి. ప్రతిసారీ మలుపులో "పోనా చాచా?" అని కల్పన అడగడం, "పో బిడ్డా" అని వెనక నుంచి తువ్వాల ఊగడం!

ఒకరోజు కల్పన వచ్చేసరికి ఫజలుద్దీన్ నమాజుకు వెళ్లాడు. షాపులో ఆయన భార్య అక్తర్ బేగం ఉంది.

"ఇంక దొరకలేదా చాచీ గా ఫాల్టు?"

"అయ్యో, మొదటి రోజే దొరికింది. లైటు కదిలిస్తే ఆరిపోయిందట. లూజు వైరు బిగించిండు, ఐదు నిమిషాల పని. 'బిడ్డ చేతులు వణుకుతున్నయి, ఎనుక ఓ మనిషుంటే ధైర్యం' అనుకుంట తిరుగుతున్నడు. నేను చెప్పిన్నని అనకు."

కల్పనకు నవ్వొచ్చింది. ఫజలుద్దీన్ వచ్చి కారెక్కితే ఏమీ ఎరగనట్టు బండి తీసింది.

ఆ రోజు మలుపులో ఆమె ఎవర్నీ అడగలేదు. ఇండికేటరు వేసి, అద్దంలో చూసి, లారీ నెమ్మదించాక కుడికి తిప్పింది. పైకెత్తిన తువ్వాలతో ఫజలుద్దీన్ మొహం తుడుచుకున్నాడు.

"ఫాల్టు పోయినట్టే ఉన్నది బిడ్డా. ఎల్లుండి నేను రానక్కర లేదు."

"గట్లెట్ల చాచా? పోయిందని నేను నమ్మాలె గద! నా కండ్లతోటి సూసేదాక నమ్మ. ఎల్లుండి గూడ రావాలె."

రవీందర్ కిసుక్కుమన్నాడు. ఫజలుద్దీన్ ఇద్దరి వంకా మార్చిమార్చి చూశాడు. తువ్వాల మడిచి, ఎల్లుండికని వెనక సీట్లోనే పెట్టి దిగాడు.